చప్పుడు మింగే ఉద్యోగం

నేను ఒక కారు సైలెన్సర్‌ని. నన్ను చూడాలంటే నడుం బాగా వంచాలి, అందుకే మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. ఇంజను వదిలే పొగతో పాటు దాని అరుపు కూడా నా కడుపులోకి వస్తుంది. పొగను బయటికి పంపి, అరుపును మింగేయడం నా ఉద్యోగం. ఎదుటివాడి నోరు మూయించడం ఇంతవరకూ చేతకాని మనుషులు, ఇంజను నోరు మూయించడం మాత్రం భలేగా నేర్చుకున్నారు.

నేను పుట్టింది ఓ రేకుల షెడ్డులో. మందపాటి రేకును చుట్టి, లోపల చిల్లుల గొట్టాలూ అడ్డుపలకలూ అమర్చి, అంచులు మడిచి వెల్డింగు చేశారు. అక్కణ్ణించి విజయవాడ ఆటోనగర్‌లో జిలానీ అనే ఆయన కొట్టుకు చేరాను. నా అదృష్టం ఏమిటంటే, నేను చేరిన కొత్తలోనే నాకు సరిపడే కార్ల తయారీ ఆగిపోయింది. కింది అరల్లోవి వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోతుంటే, నేను పై అరలో దుమ్ము కప్పుకుని పడుకునేదాన్ని. జిలానీ నన్ను దులిపేది రంజాన్ ముందు కొట్టు కడిగేటప్పుడే.

ఒకరోజు పొద్దున వీధి మొదట్లోనే ఓ కారు గర్జన వినిపించింది. అది మా కొట్టు ముందు ఆగింది. పాత తెల్ల కారు. అందులోంచి ఇద్దరు ఆడవాళ్ళు చెవుల్లో దూది తీసుకుంటూ దిగారు.

కారు ప్రమీలారాణిది. మచిలీపట్నంలో ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతుంది. ఆమెతో వచ్చిన నాంచారమ్మ గిలకలదిండి రేవులో చేపలు కొని ఊళ్ళ మీద అమ్ముతుంది. కిరాయి ఆటో ఏనాడూ వేళకు రాక చేపలు మెత్తబడి పోతుంటే విసిగిపోయి, సొంతంగా చిన్న ట్రాలీ ఆటో కొనుక్కోవాలని లైసెన్సు కోసం పట్టుబట్టింది. ఒకసారి పరీక్షకు వెళ్ళి తప్పింది కూడా. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా ముందుకు కదిలించమన్నారట. ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లులు పడ్డ సైలెన్సర్ ఒక్కసారిగా గాండ్రించేసరికి, ఆమె బెదిరిపోయి క్లచ్ మీంచి కాలు ఎత్తేసింది. బండి ఆగిపోయి వెనక్కి జారింది.

ఆ మోత పడలేక వీధివాళ్ళు గొడవ పెడుతున్నారు. నేర్చుకోవడానికి కొత్తవాళ్ళు రావడం మానేశారు. ప్రమీలారాణి భర్త శేషగిరి, ఈ ముసలిబండిని తుక్కుకు వేసి హాయిగా ఇంట్లో కూర్చోమంటున్నాడు. ఇదంతా ఆమె జిలానీకి చెబుతుంటే పై అరలోంచి విన్నాను. చివరికి ఆమె, "ఈ ఒక్కసారి చూస్తానని చెప్పి వచ్చాను భాయ్. ఇదీ కుదరకపోతే నా స్కూలు మూతపడ్డట్టే," అంది.

జిలానీ పాతదాన్ని ఊడదీయించి బల్ల మీద పెట్టించాడు. పెట్టగానే దానిలోంచి తుప్పు రాలింది. పాపం, ఆఖరి చిల్లు పడేదాకా పనిచేసింది.

మొదట ఆయన తళతళలాడే వెడల్పు మూతిదాన్ని చూపించాడు. కుర్రాళ్ళు దీనికోసం పడి చస్తారని, రోడ్డు మీద వెళ్తుంటే అందరూ తిరిగి చూస్తారని మెచ్చుకున్నాడు. తిరిగి చూస్తున్నారనే కదా మేం వచ్చిందని ప్రమీలారాణి నవ్వింది. తర్వాత ఓ చవకది తెచ్చాడు. నాంచారమ్మ దాన్ని ఒక్క చేత్తో ఎత్తి, ఇంత తేలికైతే లోపలేమీ లేనట్టేనంది. ప్రమీలారాణి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపలేదో గలగలమంది. వెంటనే కింద పెట్టేసింది.

అప్పుడు జిలానీ తల గోక్కుని, నిచ్చెన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

నన్ను బల్ల మీద పెడితే ఇద్దరూ తుమ్మారు. నాంచారమ్మ కొంగుతో నా దుమ్ము తుడిచింది. "చేపైతే మొప్ప ఎత్తి చూస్తాను. దీనికేం ఎత్తాలి మేడంగారూ?" అని అడిగింది. ప్రమీలారాణి నన్ను ఊపింది. నేను ఊపిరి బిగబట్టుకున్నట్టు కిమ్మనకుండా ఉన్నాను. వేలి కణుపుతో కొట్టి చూసింది, అతుకుల వెంట గోరు పోనిచ్చింది, పాతదాని గొట్టం పక్కన నా గొట్టం పెట్టి మూతి కొలిచింది, వేలాడదీసే కొక్కేలు సరిగ్గా అక్కడే ఉన్నాయో లేదో చూసింది. చూడ్డానికి బాగా లేదే అని నాంచారమ్మ గొణిగితే, కారు కింద దాని అందం ఎవరు చూస్తారు, మనకు మోత పోతే చాలంది. ఇన్నేళ్ళకు నన్ను ఒకరు ఎంచుకున్నారు. ఆ సంతోషం ఎలాంటిదో పెళ్ళిచూపుల్లో నెగ్గినవాళ్ళకే తెలియాలి.

నన్ను బిగించాక ఇంజను స్టార్ట్ చేశారు. నాంచారమ్మ ఇంకా స్టార్ట్ చేయలేదనుకుని అలాగే చూస్తోంది. జిలానీ వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూడమన్నాడు. వెచ్చగా తగిలేసరికి ఆమె ముఖం విచ్చుకుంది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ దారి పొడుగునా కబుర్లే. ఇన్నాళ్ళూ పాఠమంతా అరుపుల్లో జరిగిందట. ఇప్పుడు మామూలు గొంతుతో చెప్పడం మొదలైంది. ప్రమీలారాణి రోజూ మచిలీపట్నంలో పాత వంతెన ఎత్తు మీద నాంచారమ్మ చేత బండి ఆపించి, మళ్ళీ కదిలింపించేది. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి సన్నగా వణుకుతుందని, ఆ వణుకు అరికాలికి తెలిసినప్పుడు బ్రేకు వదలాలని చెప్పింది. మోత ఉన్నన్నాళ్ళూ భయమే తెలిసింది తప్ప ఆ వణుకు ఆమెకు తెలియలేదు.

పరీక్షనాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్క సీట్లో కూర్చున్నాడు. నాంచారమ్మ ఎత్తు మధ్యలో బండి ఆపింది. గట్టున మిగతా అభ్యర్థులతో పాటు ప్రమీలారాణి కొంగు మెలిపెడుతూ నిలబడింది. నేను నా కడుపులోకి వచ్చిన చప్పుడంతా మింగుతున్నాను. ఇన్‌స్పెక్టర్ కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంజను ఆగిపోయినట్టుందమ్మా. మళ్ళీ స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

"ఆగలేదు సార్. నా కాలికి తెలుస్తోంది," అంది నాంచారమ్మ.

కారు జానెడైనా వెనక్కి జారకుండా పైకెక్కింది. గట్టు మీద ప్రమీలారాణి ఎగిరి గంతేసిందని తర్వాత నాంచారమ్మ చెప్పింది. తన వయసుకు అలా చేయనని ప్రమీలారాణి వాదించింది. దారంతా అదే తగువు. శేషగిరి తుక్కు మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా వీధిలో ఎవరు కనబడినా కారు బాగుచేయించమని తానే చెప్పానని చెప్పుకున్నాడు. భర్తలకు ఇలాంటి జ్ఞాపకాలు ఎక్కణ్ణించి వస్తాయో నాకు తెలియదు.

వర్షాలు వెనకబట్టాక నాంచారమ్మ నీలంరంగు ట్రాలీ వేసుకుని మా గుమ్మం ముందు ఆగింది. మొదట ఎక్కేది మేడంగారేనని పట్టుబట్టి ప్రమీలారాణిని పక్కన కూర్చోబెట్టుకుని రేవు దాకా తీసుకెళ్ళింది. నాకు ఆ రోజు సెలవు. వాకిట్లో నీడన నిలబడి ఎదురుచూశాను. ఎండెక్కాక ప్రమీలారాణి చేతిలో పెద్ద పండుగప్ప చేపతో దిగింది. నాంచారమ్మ బేరాల వేళయిందని అట్నించి అటే వెళ్ళిపోయింది.

ఎలా నడిపిందని శేషగిరి అడిగాడు.

"చక్కగా నడిపింది. నేనే కుదురుగా కూర్చోలేకపోయాను. మన కార్లో నా వైపు కూడా బ్రేకు ఉంటుంది కదా, ఆ అలవాటున దారంతా వట్టి రేకు తొక్కుతూనే ఉన్నాను. అది చూసి, కాలు వెనక్కి తీసుకోండి మేడంగారూ, నేనున్నానుగా అంది."

అని చెప్పి అరుగు మీద కూలబడి నవ్వసాగింది. శేషగిరి కూడా నవ్వుతూనే ఆమె చేతిలోని చేపను అందుకుని, కడగడానికి పంపు దగ్గరికి నడిచాడు.