ఎన్ని పడతాయి?

పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు చేపల్ని లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. చేపలంటే ముద్దొచ్చి మాత్రం కాదు. హాల్లో గాజు ట్యాంకు ముందు గొంతుక్కూర్చుని, వేలు చూపకుండా, పెదవులు కదపకుండా లెక్కపెడుతుంది. ట్యాంకు నిండా మొక్కలు. ఒక చేప ఆకు వెనక్కి పోతుంది, అదే ఆకు చాటు నుంచి ఇంకొకటి వస్తుంది, అదీ ఇదీ ఒకటేనా కాదా అని తేల్చుకునేలోపు పాలు పొంగుతాయి. నీలం గీత చేపలు పద్నాలుగు, అడుగున పాకేవి మూడు. మొత్తం పదిహేడు ఉండాలి. ఆ వేళ ఇరవై ఒకటి వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై. మళ్ళీ పెట్టింది. ఇరవై రెండు.

"ఏంటి, హాజరు తీసుకుంటున్నావా?" భర్త పేపరు చేత్తో పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. "ఎవరైనా ఎగ్గొట్టారా?"

"ఎగ్గొట్టడం కాదు, ఎక్కువొచ్చారు."

"పిల్లల్ని పెట్టుంటాయి."

"నీలం చేపలకి ఎర్రతోక పిల్లలు పుట్టాయా?"

అతను నవ్వేశాడు. నవ్వి ఊరుకుంటే ఆమె కూడా మర్చిపోయేదేమో. కానీ నవ్వాక, అడక్కుండానే, "నాకేం తెలుసు?" అన్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాట అతని నోట ఎప్పుడొస్తుందో ఆమె బాగానే కనిపెట్టింది. తెలిసినప్పుడే వస్తుంది.

ట్యాంకు ఇంటికొచ్చి ఏడాది దాటింది. వచ్చినవాళ్ళందరితో "నా ట్యాంకు" అంటాడు. మొక్కల పేర్లు, వాటికి కావలసిన దీపం, అడుగున వేసిన మట్టి, అన్నీ వీడియోలు చూసి నేర్చుకుని గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఆదివారం వస్తే పైపుతో పాత నీళ్ళు బకెట్లలోకి దించేది, గాజుకు పట్టిన పాచి గీకేది, పెరిగిన ఆకులు కత్తిరించేది, రాలినవి ఏరేది ఎవరన్నది మాత్రం ఆ ఉపన్యాసంలో రాదు. కొట్టువాళ్ళు అది వంద లీటర్ల ట్యాంకు అన్నారు. మట్టీ రాళ్ళూ మొక్కలూ పోగా పట్టేది డెబ్బై ఎనిమిదేనని బకెట్లతో పోసిన మనిషికి తెలుసు. ఓసారి ఆ మాటంటే, "మొదలెట్టిందిరా నీళ్ళ డాక్టరమ్మ!" అని స్నేహితుల ముందు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఖాళీ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ వెక్కిరింత ఊరికే రాలేదు. ఆమె పనిచేసేది నీటి పరీక్షల ల్యాబులో. ఆమె సీసాలు సరేనన్నాకే ఊరికి కుళాయిలు వదులుతారు. కాగితం మీద సంతకం పై అధికారిదేననుకోండి. కానీ ఏ సీసాలో ఏ మందు ఎన్ని చుక్కలు పోయాలో ఆయన ఆమెనే అడుగుతాడు, అడిగి రాసుకున్నాక "కాస్త టీ చెప్పండమ్మా" అంటాడు. ఊరంతా గుటక వేస్తున్న మాటకి ఇంట్లో డెబ్బై ఎనిమిది లీటర్ల దగ్గర విలువ లేదు. ఒకప్పుడు అది తలుచుకుంటే ఒళ్ళు మండేది. ఈ మధ్య మంట చల్లారి అనుమానం మిగిలింది. అనుమానం ఎంతో నయం, దాంతో పని జరుగుతుంది.

ఆ సాయంత్రం ట్యాంకు నీళ్ళు చిన్న గొట్టంలో పట్టి మందు చుక్కలు వేసింది. పసుపు రంగు రావాలి. ఆకుపచ్చకి తిరిగింది. అంటే లోపల ఏదైనా చచ్చి కుళ్ళుతుండాలి, లేదంటే నోళ్ళు పెరిగి ఉండాలి. మొక్కల మొదళ్ళన్నీ వెతికింది, చచ్చిందేదీ లేదు. చెత్తబుట్టలో మాత్రం కూరగాయల తొక్కల కింద, బుల్లి ఉండగా చుట్టిన తడి ప్లాస్టిక్ సంచి, దానికి రబ్బరు బ్యాండు దొరికాయి. దాచాలనుకున్నవాడు ఎవరైనా చెత్తబుట్టలో వేస్తాడా అంటారేమో. ఆ ఇంట్లో చెత్తబుట్ట రోజూ ఎవరు ఖాళీ చేస్తారన్నది అతనికి ఎప్పుడూ పట్టలేదు.

సంచి చూపిస్తే, "ఐదే. ఇంతింతవి. పడతాయిలే" అన్నాడు.

"పట్టవండీ."

"మొక్కలున్నాయిగా, అవి చూసుకుంటాయి."

ఐదు చేపల కోసం మనిషి అబద్ధమాడతాడా? గొట్టంలో రంగు మారినప్పుడు నీళ్ళలో ఏం కలిసిందో వెతికినట్టు, ఆ వారం ఇంట్లో జరిగినవన్నీ వెనక్కి తిరిగి వెతికింది. వెతికితే దొరకనిదేముంది? వెనక గదిలో ఆమె బల్ల మీద మొన్న కొలతల టేపు కనిపించింది. ఆ ఇంట్లో తలుపు వేసుకుని ఆమె కూర్చోగల చోటు అదొక్కటే, పొద్దున గంటసేపు ప్రమోషన్ పరీక్షకి చదువుకునేది అక్కడే. టేపెందుకని అడిగితే "ఊరికే కొలిచా" అన్నాడు. ఊరికే గదులు కొలిచేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? అటకమీది దిళ్ళు మూడు ఎండలో పడ్డాయి. ఇంట్లో ఉన్నదే ముగ్గురు, అతనూ ఆమే అత్తగారూ. అన్నిటికన్నా భయం వేసింది అత్తగారిని చూసి. "అలిసిపోయావు, కాసేపు కూర్చో అమ్మాయ్" అంది ఆవిడ, వారంలో రెండుసార్లు. పన్నెండేళ్ళలో వినని మాట ఒకేసారి రెండుసార్లు వింటే ఎవరికైనా గుండె దడదడలాడదూ?

మర్నాడు తెల్లవారేసరికి చేపలన్నీ పైకి తేలి, నీటి అంచుకి మూతులు ఆనించి, నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆమె గబగబా సగం నీళ్ళు మార్చి, సాయంత్రం ల్యాబు నుంచి నేరుగా చేపల కొట్టుకు వెళ్ళింది.

కొట్టావిడ అరవై దాటిన మనిషి, వాళ్ళకి ట్యాంకూ చేపలూ అమ్మింది ఆవిడే, చేతులకి ఎప్పుడూ మోచేతుల దాకా తడే.

"మా ట్యాంకులో ఇరవై రెండు పడతాయాండీ?"

"పడతాయా అంటే యాభై పడతాయమ్మా. చోటుంటే ఏవైనా పడతాయి. ఎన్ని బతుకుతాయో అడగండి."

"మొక్కలున్నాయిగా, అవి చూసుకుంటాయంటారు మా ఆయన."

"అందరూ అదే అంటారు. వెలుగున్నంతసేపూ చూసుకుంటాయి, ఎందుకు చూసుకోవూ? దీపం తీశాక వాటికీ ఊపిరి కావాలిగా? చేపల్ని లెక్కేస్తారు, మొక్కల్ని ఎవరూ లెక్కెయ్యరు." ఆవిడ చేతులు దులుపుకుంది. "మీకు పదిహేడే ఎక్కువ. ఆ ఐదూ తెచ్చిచ్చేయండి. అయినా మీ బావగారి పాప ఎర్రతోకవి కావాలందట కదా, అలుగుతుందేమో. వచ్చే నెలే వచ్చేస్తున్నారటగా? పాపకిచ్చే వెనక గదిలోకి ట్యాంకు మార్చాలి, గోడకి ఎంత ఎడం ఉంచాలని మీ ఆయన అడిగి వెళ్ళారు."

"అవునండీ" అందామె, అన్నీ తెలిసినదానిలాగే. వీధి మలుపు దాకా మామూలుగానే నడిచింది. మలుపు తిరిగాక కళ్ళు మండాయి. తన గది పోతున్న సంగతి చేపలమ్మే మనిషికి చెప్పాడు. తనకి చెప్పాలని మాత్రం తోచలేదు. బావగారి మీద ఆమెకు కోపం లేదు, పాపంటే ఇష్టమే. అడిగి ఉంటే ఒప్పుకునేదేమో కూడా. అడగలేదు, అంతే.

ఎర్రతోకల్ని ఐదింటినీ వలతో పట్టి తిరిగిచ్చేసింది. మూడు రోజులు గడిచినా అతను గమనించలేదు. గొట్టంలో నీళ్ళు మళ్ళీ పసుపు రంగుకొచ్చాయి.

ల్యాబులో ఆమె సొరుగులో ఒక దరఖాస్తు ఉంది. ఊరికి అవతలి కొసన, నీళ్ళు శుద్ధి చేసే చోట, అక్కడే ఉండి పనిచేసే మనిషి కావాలి. రెండు గదుల క్వార్టరు ఇస్తారు. మూడేళ్ళుగా అధికారి అడుగుతున్నాడు, మూడేళ్ళుగా ఆమె "ఇంటి దగ్గర కుదరదు సార్" అంటోంది. ఆ వారం దరఖాస్తు నింపింది. సంతకం పెట్టలేదు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మనసు ఇంకా ఒక మాట కోసం కాచుకుని ఉంది. ఏ మాటో దానికే సరిగా తెలియదు.

ఆదివారం టీలయ్యాక అత్తగారు గొంతు సవరించుకుంది.

"పెద్దాడివాళ్ళు వచ్చే నెల వచ్చేస్తున్నారమ్మాయ్. ఇక ఇక్కడే ఉంటారు. మనవాళ్ళేగా, మనసుండాలి గానీ ఇల్లు చాలదా?"

"వెనక గది పాపకిచ్చేద్దాం" అన్నాడు భర్త, టీ చప్పరిస్తూ. "నీ బల్ల వంటింట్లో సర్దుదాం. అక్కడ ఎలాగూ నువ్వే ఉంటావు."

"ఎప్పుడనుకున్నారు?"

"అనుకునేదేముంది? నువ్వు కాదంటావా ఏంటి?"

"ఇంతమందికి పని?"

"నువ్వున్నావుగా, చూసుకుంటావు."

ఆమె తల తిప్పి ట్యాంకు వైపు చూసింది. మొక్కలు పచ్చగా, నిశ్శబ్దంగా ఊగుతున్నాయి. ఆమె చూపు అటు పోవడం అతనికి విసుగు పుట్టించినట్టుంది. "ఏదో ఊరంతా వస్తున్నట్టు మొహం పెడతావేంటి? లెక్క నువ్వే చూడు" అని ఖాళీగా ఉన్న చెయ్యి చాపి, ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టాడు.

"అమ్మ. నేను. అన్నయ్య. వదిన. పాప."

బొటనవేలితో మొదలైన లెక్క చిటికెనవేలితో ఆగింది. పిడికిలి మూసుకుంది.

"ఐదుగురం. ఐదుగురం పట్టమా ఈ ఇంట్లో?"

ఆమె అతని రెండో చేతి వైపు చూసింది. అందులో టీ కప్పుంది. అత్తగారి వైపు చూసింది. ఆవిడ కూడా సరిగ్గానే ఉందన్నట్టు తలూపుతోంది. ఆమె ఇంకాసేపు ఆగింది. పాలు పొంగేంతసేపు ఆగింది. ఆరో వేలు లేవలేదు.

హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుని, మడత విప్పి, కాగితం కింద సంతకం పెట్టింది.

"ఏంటది?" అన్నాడతను. "నేనడిగిందానికి చెప్పవేం? పడతామా, పట్టమా?"

"పడతారండీ" అందామె, కలం మూత పెడుతూ. "ఐదుగురైతే హాయిగా పడతారు."