భోజన్న ఎంచిన ప్రాసెసర్

రుద్రూర్‌లో ఎవరు ఏం కొన్నా భోజన్న వెంట ఉండాల్సిందే. ఎడ్లయినా, బోరు మోటారయినా, అల్లుడికి పెట్టే బండయినా ఆయన ఒకసారి చెయ్యి వేసి "తీస్కో" అంటేనే బేరం ఖాయమైనట్టు. చాలాసార్లు ఎవరూ పిలవకముందే ఆయన తయారై ఉంటాడన్నది వేరే సంగతి. రెండువేల ఆరులో మేనకోడలు రాధాబాయి నిజామాబాద్ పోయి లాప్‌టాప్ కొంటానన్నప్పుడు కూడా అంతే. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాల వేసుకుని, ఆమెకంటే ముందే బస్టాండుకు చేరాడు.

రాధాబాయి సరదాకు కొనడం లేదు. ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకుని, బీడీలు చేసే ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. ఆ పిల్లలు చేసిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, ఇంత తిని వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. కరెంటు పోయేదీ సరిగ్గా అప్పుడే. కరెంటు లేకపోతే గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్ ఉత్త డబ్బా. వచ్చిన పిల్లలు కాసేపు దాని మొహం చూసి వెళ్లిపోతున్నారు, కొందరు రావడమే మానేశారు. క్లాసు అయ్యేదాకా బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్ దొరికితే సరి, లేకపోతే గది ఖాళీ చెయ్యడమే. బస్సులో ఆమె ఈ సంగతంతా మామకు చెప్పుకొచ్చింది. భోజన్న "అట్లనా, అట్లనా" అంటూ కిటికీలోంచి ఎవరి చెరుకు ఎంత ఎదిగిందో చూశాడు.

షాపాయన రామ్‌దాస్ రెండు లాప్‌టాప్‌లు తెచ్చి ముందు పెట్టాడు. బేరం ఎవరి చేతిలో ఉందో మనిషిని చూడగానే పసిగట్టే రకం ఆయన. అందుకే రాధాబాయిని వదిలేసి భోజన్న వైపు తిరిగాడు.

"ఏది తియ్యమంటవ్ పెద్దాయనా?"

"రెండింటికి ఫరక్ ఏంది?"

"ప్రాసెసర్ ఫరక్. గదే దీని ఇంజన్ అనుకో. దీనిది మూడు గిగాహెర్ట్జ్. గా పక్కదానిది ఒకటి పాయింట్ ఆరు."

భోజన్నకు ఇక వినాల్సింది ఏమీ కనబడలేదు. చెరుకు మళ్లకు నీళ్లు పారించి పారించి తల నెరిసిన మనిషి. మూడు హెచ్‌పీ మోటారు ధార ఎంతో, ఐదు హెచ్‌పీ ధార ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నంబరు పెద్దదైతే ధార పెద్దది, ఇందులో తలబద్దలు కొట్టుకునేది ఏముంది?

"గీ మూడుదే తియ్యి. ఇంకోటి పోరగాండ్ల ఆట సామాను."

"మామ, జర ఆగు," అంది రాధాబాయి. "గా చిన్న నంబరుదే కొత్త రకం. పని దానంతనే చేస్తది, కరెంటు తక్కువ తాగుతది. బ్యాటరీ ఎక్కువ సేపు..."

"నువ్వుండు బిడ్డ, నేను మాట్లాడుతున్న గద."

భుజం మీది తువ్వాల తీసి రామ్‌దాస్ చేతి మీద కప్పాడు. రాష్ట్ర సరిహద్దు అవతలి సంతలో ఎడ్ల బేరం అట్లాగే జరుగుతుంది. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. రామ్‌దాస్‌కు ఆ వేళ్ల లెక్క ఏమీ రాదు. అయినా ఎన్నాళ్లుగానో కదలని సరుకు కదులుతోందన్న సంబరంలో, చెయ్యి అట్లాగే ఉంచి తల ఊపాడు.

"మామ, గిది వేడెక్కుతది. బరువు సూడు ఎంతుందో."

"బరువుంటేనే సామాను గట్టిది," అన్నాడు భోజన్న, రామ్‌దాస్ వైపే చూస్తూ.

ధర కాస్త తగ్గింది, ఒక బ్యాగు ఊరికే వచ్చింది. తిరుగు బస్సులో భోజన్న ఆ బ్యాగును ఒళ్లో పెట్టుకుని, బోధన్ దాటేదాకా కనబడిన ప్రతివాడికీ మూడు నంబరు ప్రాసెసర్ గురించి చెప్పాడు. రాధాబాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అలసిపోయిందనుకున్నాడు.

కొన్నాళ్లకు, తను కొనిపెట్టిన వస్తువు ఎట్లా పనిచేస్తోందో చూద్దామని ఓ మధ్యాహ్నం క్లాసుకు వెళ్లాడు. ముందు బెంచీలు మాత్రమే నిండి ఉన్నాయి. ఆయన చూస్తుండగానే కరెంటు పోయింది, లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది. "సూసినవా" అన్నట్టు భోజన్న మీసం దువ్వుకున్నాడు. లాప్‌టాప్ లోపలి ఫ్యాను పిండిమరలా రొద పెట్టింది. ఇద్దరు పిల్లలు తమ పేర్లు కొట్టారు. మూడో పిల్ల కూర్చుని వేళ్లు సర్దుకునేలోపే తెర నల్లబడింది.

పిల్లలెవరూ ఉలిక్కిపడలేదు. రాధాబాయి మూత వేసి నల్లబల్ల దగ్గరికి నడిచింది. దాని మీద కీబోర్డు అంతా సుద్దతో గీసి ఉంది. పిల్లలు బీడీ చాటలు ఒళ్లో బోర్లించుకున్నారు. వాటి వెనకా సుద్దతో అవే అక్షరాలు. ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే వాళ్లు చాటల మీద వేళ్లు ఆడించారు.

"ఖరాబైందా?" అన్నాడు భోజన్న.

"లేదు మామ. దీని బ్యాటరీ గంతే. రోజూ గింతే సేపు."

"నీకు ఎర్కేనా గిట్లయితదని?"

"ఎర్కనే."

"మరి షాపుల ఎందుకు సెప్పలె బిడ్డ?"

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"సెప్పిన మామ. బస్సుల సెప్పిన, షాపుల సెప్పిన. నువ్వు ఇనలె."

భోజన్న ఆ రోజును గుర్తు చేసుకోవాలని చూశాడు. రామ్‌దాస్ వేళ్లు గుర్తొచ్చాయి, ఊరికే వచ్చిన బ్యాగు గుర్తొచ్చింది. మేనకోడలి మాట ఒక్కటీ గుర్తు రాలేదు. పిల్లలందరి ముందూ ఆయనకు సిగ్గేసింది.

"వాపస్ ఇద్దాం పా."

"అడిగిన. వాడిన సామాను తీస్కోడంట. గీ నెల అయినంక గది ఇడుస్తున్న."

ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు.

"ఇప్పుడు సెప్పు బిడ్డ. ఏం చేద్దాం? నువ్వు సెప్పేది ఇంట."

"ఇప్పుడు క్లాసు మామ," అంది రాధాబాయి. "కూసో."

భోజన్న వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆమె పాఠం చెప్పింది. క్లాసు అయ్యేదాకా ఆయన నోరు విప్పలేదు.