ఓపికకు సన్మానం

నాకు సన్మానం చేస్తామని క్లబ్బు వాళ్ళు కబురు పెట్టినప్పుడు, నేను ఇల్లు కదలలేనని చెప్పేశాను. పోనీలెమ్మని ఊరుకోవచ్చుగా? ఆదివారం పొద్దున్న పది గంటలకు మైకు, శాలువా, ఫొటోల మనిషితో సహా అనకాపల్లిలో మా ఇంటికే దిగిపోయారు.

మా ఆయన త్రినాధరావు బెల్లం మార్కెట్లో పనిచేసేవాడు. దిమ్మలోంచి చిటికెడు గిల్లి నాలుక మీద వేసుకుని, అది ఏపాటి బెల్లమో చెప్పేసేవాడు. మూడేళ్ళ కిందట ఏఎల్ఎస్ అని, ఒళ్ళంతా చచ్చుబడిపోయే నరాల జబ్బు పట్టుకుంది. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, మాట, చివరికి మింగడం. ఇప్పుడు పొట్టకు వేసిన గొట్టంలోంచే తిండి. గొంతులో ఉమ్మి చేరితే ఊపిరాడదు. అప్పుడు ఇంకా కాస్త కదిలే ఒక్క కాలి బొటనవేలితో బెల్ నొక్కుతాడు, నేను మిషనుతో ఆ ఉమ్మి లాగేస్తాను. పగలనీ లేదు, రాత్రనీ లేదు, రోజుకు ముప్పైసార్లు.

మొన్న బుధవారం మధ్యాహ్నం ఆ బెల్ నాకు వినబడలేదు. పక్కనే కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. పాలావిడ మరిడమ్మ వచ్చి కుదిపి లేపేసరికి ఆయన పెదాలు నల్లబడిపోయాయి. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఎవరికీ చెప్పుకోలేదు.

క్లబ్బు ప్రెసిడెంటు గారు శాలువా కప్పి, "గంగాభవాని గారిది భూదేవంత ఓర్పు" అని పొగిడి, మైకు నా చేతికిచ్చారు. థాంక్స్ చెబుదామనే నోరు తెరిచాను.

"నాకు నిద్ర లేదండి," అన్నాను. "బుధారం నాడు తెలీకుండా నిద్దరోయేను. ఈయన పోయేవోడే. ఈ శాలువా నాకొద్దండి. మీలో ఎవులైనా మిషను నేర్సుకుని రోజుకి రెండు గంటలు ఈ కుర్సీలో కూకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

చప్పట్లు కొట్టారు. నిజమే చెబుతున్నాను, చప్పట్లే కొట్టారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

మార్కెట్లో మా ఆయనతో పాతికేళ్ళు పనిచేసిన సత్తియ్య మాత్రం లేచి మంచం దగ్గరకు నడిచాడు. నేనొస్తానని చెబుతాడు కాబోలనుకున్నాను. జేబులోంచి పొట్లం తీసి విప్పాడు.

"సన్మానం రోజు బావకి నోరు తీపి సెయ్యకపోతే ఎలాగ సెల్లెమ్మా? ఇది కరిగిపోద్దిలే," అంటూ నేను చేరేలోపే ఆయన నాలుక మీద చిటికెడు బెల్లం పెట్టేశాడు. ప్రేమతోనే పెట్టాడు. తీపి తగిలితే నోరూరుతుందని, ఆ ఊరిన నీళ్ళు చాలు మనిషి పోవడానికని అతనికేం తెలుసు!

ఆయన కళ్ళు తేలేశాడు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మిషను అందుకున్నాను. ఆయనకు ఊపిరి అందేసరికి గదిలో సత్తియ్య తప్ప ఎవరూ మిగల్లేదు. అతను గోడకు చేరబడి ఏడుస్తున్నాడు.

"ఆ మిషను సూత్తేనే బయ్యమేత్తంది సెల్లెమ్మా. నా వల్ల కాదు," అని అతనూ వెళ్ళిపోయాడు.

మా ఆయన అక్షరాల చార్టు వైపు చూశాడు. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోతే, కావలసిన చోట రెప్ప వేస్తాడు. ఆ కాసిన్ని మాటలకు పావుగంట పట్టింది.

"పడుకో. ఇంక పిలవను."

నాకు ఒళ్ళు మండిపోయింది. చార్టు విసిరికొట్టాను. "పిలవకపోయేవంటే సంపేత్తాను బావా! పిలుత్తానని ఒట్టెయ్యి. ఒక్కపాలి రెప్ప వెయ్యి," అని మీద పడి అరిచాను.

ఆయన నన్నే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. రెప్ప మాత్రం వెయ్యలేదు.