పిట్ట వెనక గడ్డి

గెడను బురదలోకి దించి, ఒంటి బరువంతా దాని మీద ఆన్చి, బైధర్ బెహెరా ఊపిరి బిగబట్టాడు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి చిత్తడిలో దోనెను రాయిలా నిలబెట్టాలంటే బైధరే నిలబెట్టాలని పేరు. నల్లటి బక్కమనిషి. అరికాళ్లు నీళ్లలో నాని తెల్లగా పగుళ్లిచ్చాయి. కుడిచేతిని గెడతో కలిపి తువ్వాలుతో చుట్టాడు. చలికని చెప్పుకుంటాడు.

పొద్దున రేవులో టీ తాగుతుంటే తోటి దోనెవాడు కాళంది నవ్వనే నవ్వాడు. "ఏం భాయీ, గ్లాసు చిందులేస్తోంది? పెళ్లిబాజా వినిపిస్తోందా?"

"నీ మొహం చూసి జడుసుకుంది," అన్నాడు బైధర్, గ్లాసు కింద పెట్టేసి.

ఇప్పుడు దోనె ముందు పలక మీద సౌదామిని బోర్లా పడుకుని ఉంది. బరంపురంలో బడిపంతులమ్మ. అతనికి ఆమె అపా, అంటే అక్క; ఆమెకు అతను మౌసా, అంటే బాబాయి. మూరెడు పొడుగు లెన్సు, దానికి ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో ఎర్రకాళ్ల ఉల్లంకులు రెండు. అవి కొట్లాడుకుంటూ నీళ్లు చిమ్మి పైకి లేచాయి. కెమెరా టకటకా కొట్టుకుంది.

ఆమె తెర వంక చూసింది. తర్వాత కెమెరా అతనివైపు తిప్పింది. వెనకున్న గడ్డి పరక పరకా తెలుస్తోంది. పిట్టలు మాత్రం పొగలా ఉన్నాయి.

"పిట్ట కంటి మీదే గురి పెడుతున్నాను మౌసా. నొక్కేసరికి జారి గడ్డి మీద పడుతోంది. పోయినేడూ ఇంతే. లెన్సు రెండుసార్లు బాగుచేయించాను, ఏ లోపమూ లేదన్నారు. నా కళ్లే పోయినట్టున్నాయి."

"మబ్బుగా ఉంది కదా అపా," అన్నాడు బైధర్. అన్నాక, పొద్దున పళ్లకు రుద్దిన గుడాఖు పొగాకు చేదు నాలుక మీద మళ్లీ తగిలినట్టయింది.

పాతికేళ్ల కిందట, వేటాడే రోజుల్లో, ఇవే చేతులు ఈ పిట్టల మెడలు విరిచేవి. అప్పుడు ఒక్కనాడూ వణకలేదు.

మధ్యాహ్నం అతను పఖాళ చద్దన్నం డబ్బా విప్పాడు. మెతుకులు ఒడిలో రాలాయి. ఆమె చూడకుండా దులుపుకున్నాడు. ఆమె చూడనేలేదు. లెన్సుకు మూత పెట్టి సంచిలో సర్దుతోంది.

"ఇక చాలు మౌసా. ఇది మా చెల్లెలికిచ్చేస్తా. చేతకాని పని పట్టుకుని వేలాడకూడదు."

బైధర్ డబ్బా మూసేశాడు. ఈ మనిషి ఏడాదంతా బడిలో అరిచి అరిచి, నాలుగు రోజుల సెలవు దొరికితే ఇక్కడికి వస్తుంది. పిట్ట ఎగిరితే చిన్నపిల్లలా నోరు తెరుస్తుంది. చేతుల సంగతి బయటపడితే దోనెల సంఘంలో తన వంతు పోతుందని ఆమె చేత అది మాన్పిస్తున్నాడు.

అతను తువ్వాలు విప్పాడు. గెడను మోకాటి లోతు బురదలోకి దించి, దోనె అంచును తువ్వాలుతో దానికి బిగించి కట్టాడు. చేతులు రెండూ వదిలేసి ఆమె ఎదుట చాపాడు. అవి గాలిలో ఆకుల్లా ఆడుతున్నాయి.

"కళ్లు కాదు అపా. ఇవి."

ఆమె ఆ చేతుల వంక చూసింది. "ఎప్పట్నుంచి?"

"పోయినేటి చలికాలం నించి."

"అప్పుడే ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది మౌసా?"

ఉల్లంకి ఒకటి అరుస్తూ లేచింది. ఆమె లెన్సు లాక్కుని పడుకుంది. దోనె కదల్లేదు.

తెర మీద పిట్ట నల్లటి కన్ను, ముక్కు చివర నీటిబొట్టు, బొట్టులో ఆకాశం. ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. బైధర్ ఆ బొమ్మను ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకున్నాడు. తప్పు తన చేతులదేననడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రేవుకు చేరాక అలవాటుగానే గెడను ఒడ్డు బురదలో గుచ్చాడు. "రేపట్నుంచి నా వంతు నువ్వు చూసుకోరా కాళందీ. సంఘంలో నేను చెప్పుకుంటాలే," అన్నాడు. కాళంది పొద్దుటిలాంటి వేళాకోళం ఇంకోటి అందుకోబోయి, అతని చేతులు చూసి తల ఊపాడు.

బైధర్ గట్టు మీద నడిచి వెళ్లిపోయాడు. చేతులు చంకల్లో దాచుకున్నాడు.

సాయంత్రం గాలి లేచింది. దోనె అంచు నుంచి విప్పి గెడకే మరిచిన తువ్వాలు రెపరెపలాడుతోంది. గెడ మాత్రం కదలడం లేదు.