లీకుల గాడి

ఆ శనివారం పొద్దున ఐవీ ట్వెడ్డెల్ చేతి తొడుగు ఒకటి పోయింది. ఎడమ చేతిది. నిజానికి అవి ఆమెవి కావు, భర్త విల్ఫ్‌వి. గనిలో పనిచేసిన రోజులనాటి తోలు తొడుగులు. ముళ్ళడొంక నరికి మంటలో వేస్తూ, వేళ్ళు కొంకర్లు పోతుంటే విప్పి, నోటితో ఊదుకుని, ఎక్కడో పెట్టింది. తిరిగి చూస్తే లేదు. మంటలోకే పోయిందో, తవ్విపోసిన మట్టి కిందే ఉందో తెలియలేదు. కాసేపు వెతికింది. తరువాత కుడి తొడుగునే తిరగేసి ఎడమ చేతికి తొడుక్కుని పని మొదలుపెట్టింది. ముళ్ళు పట్టుకునేది ఎడమ చెయ్యే.

మూతపడిన గని వెనక, కొండవాలు మీద వరసగా ఉన్న కౌలు మళ్ళలో ఆమె తవ్వుతున్న మడి చివరిది. రెండేళ్ళుగా దానికి పార తగలలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగి, ఎండి, పొగమంచుకు తడిసి నేలను పట్టుకుని పడుకుంది. దాని వేళ్ళు తెల్లగా, దారప్పోగుల్లా మట్టి కింద అల్లుకుపోయాయి. ఐవీ నాలుగు పళ్ళ పార దింపి గడ్డను పైకి లేపేది. మోకాలి మీద వంగి వేళ్ళను ఒక్కొక్కటే వేరుచేసి బక్కెట్లో వేసేది. పిల్లల భోజనానికి బఠాణీల్లో రాళ్ళేరినట్టే ఏరేది. బడి వంటింట్లో ఆమె ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది. బంగాళాదుంపలు చెక్కి చెక్కి కుడి బొటనవేలు ఒక పక్కకు వంగిపోయింది. ఇప్పుడు పార పిడి సరిగ్గా ఆ వంపులో ఇమిడేది.

మడి మీదికి ఆమె ఈ చలికాలం దాకా ఎన్నడూ అడుగుపెట్టింది లేదు. ఆ పల్లెలో మళ్ళు మగవాళ్ళవి. ఆడవాళ్ళు గేటు దాకా టీ తెచ్చి, బొగ్గునుసి బాట మీదే నిలబడి, ఖాళీ సీసా తీసుకుని వెళ్ళిపోయేవారు. విల్ఫ్ లీకులు పెంచేవాడు, ఉల్లికాడల్లాంటి కూర. మణికట్టు కన్నా లావుగా, పాలరాయిలా తెల్లటి కాడలతో. ఏటా శరదృతువులో క్లబ్బులో పోటీ జరిగేది. ఐవీ ఇంట్లో గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, పెద్ద దుప్పటి అన్నీ లీకులు గెలిచి తెచ్చినవే. లీకులు నాటే గుంట, లీకుల గాడి, ఒక్కటే చోట, పనిముట్ల కొట్టం పక్కన, ఏళ్ళ తరబడి ఉండిపోయింది. అందులో ఏం ఎరువు వేస్తాడో విల్ఫ్ ఎవరికీ చెప్పలేదు, ఐవీకి కూడా. ఇంకొకరి గాడిలో పార దింపడమంటే ఆ పల్లెలో ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడమే.

రెండేళ్ళ కిందట ఆ గాడి తవ్వి తెరవడానికి వచ్చిన విల్ఫ్, దాని తలాపున పార గుచ్చి, దాని మీద వాలి, ఇక ఊపిరి అందక అక్కడే కూర్చుండిపోయాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. పక్క మడి టాట్ హాప్పర్ అతన్ని ఒంటిచక్రం బండిలో ఎక్కించి ఇంటికి తోసుకొచ్చాడు. దారిపొడవునా విల్ఫ్ టాట్‌ను తిడుతూనే ఉన్నాడట, బండి చక్రానికి నూనె పెట్టలేదని. పార మాత్రం అక్కడే ఉండిపోయింది. ముళ్ళతీగలు దాని మీదుగా పాకాయి.

పదింటికి మళ్ళ కమిటీ కార్యదర్శి కథ్‌బర్ట్ నీషమ్ వచ్చాడు. మెత్తని మనిషి, గొంతు పెంచడు. రేపు ఆదివారం కమిటీ మళ్ళు చూడటానికి వస్తుందనీ, సగం తవ్వి ఉంటే సరేననీ, లేకపోతే వరసలో ఎదురుచూస్తున్న వాళ్ళకు ఇవ్వక తప్పదనీ మళ్ళీ చెప్పాడు. మడిని ఆ చివరి నుంచి ఈ చివరికి అడుగులతో కొలిచాడు. ఇంకా కొంచెం తక్కువ పడుతుందన్నాడు. గాడిని కూడా తిరగేస్తే దాటిపోతుంది, మెత్తటి నేల, గంట పనేనన్నాడు.

"అది విల్ఫ్‌ది," అంది ఐవీ.

"మడి మొత్తం విల్ఫ్‌దే కదండీ, మిసెస్ ట్వెడ్డెల్."

ఆమె మళ్ళీ పార దింపింది. నీషమ్ వెళ్ళిపోయాక కంచె మీదుగా టాట్ తల పెట్టాడు. దుక్కి మిషను ఉందనీ, పావుగంటలో మొత్తం దున్నేస్తాననీ అన్నాడు.

"తేవోయ్. విల్ఫ్ కిటికీలోంచి దూకి మరీ వస్తాడు."

"చూస్తున్నాడా?"

"చూడకేం."

కొండపైన వరస ఇళ్ళలో వాళ్ళ ఇంటి వెనక కిటికీ ఇక్కడికి కనబడుతుంది. పందెం పావురాలు తిరిగొచ్చే దారి చూడటానికి కొన్న దుర్భిణి విల్ఫ్ దగ్గర ఉంది. రోజంతా కుర్చీలో కూర్చుని దాంతో ఐవీనే చూసేవాడు. ఎండ పడినప్పుడు అద్దం తళుక్కుమనేది. విసుగు పుట్టినప్పుడు ఆమె దానికి వీపు తిప్పి తవ్వేది.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళి పందిమాంసం చారు వేడిచేసి, బఠాణీ ముద్దతో పెట్టింది. విల్ఫ్ ముక్కుకు గొట్టం ఉంది. పక్కన సిలిండరు సన్నగా బుసకొడుతోంది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"పారను... గరిటెలా పట్టుకున్నావే."

"ముప్ఫయ్యేళ్ళు గరిటే పట్టుకున్నాను మరి. నీ కడుపు నిండిందీ దాంతోనే."

"తొడుగేదీ?"

అదీ చూశాడన్నమాట. ఇంకొకటి ఉందిగా అంది ఐవీ. నీషమ్ మాట చెప్పింది. గాడి సంగతి అతని మొహం చూడకుండా, చారు కలుపుతూ చెప్పింది. విల్ఫ్ చెంచా పక్కన పెట్టాడు.

"దాని జోలికి పోకు. మార్చిలో... నేనొచ్చి తెరుస్తాను."

మెట్లు దిగడానికే అతను రాలేడని ఇద్దరికీ తెలుసు. ఐవీ అతని గడ్డం మీద పడిన చారు తుడిచింది.

"సరే. మార్చిలో నువ్వే తెరువు. నేను కంచె మూల తవ్వుకుంటాను."

"ఆ మూల ఎవరూ తవ్వలేదే. అందులో మంచం ఉంది."

"మంచమా?"

"ఇనప మంచం. నా ముందు ఆ మడి చేసినవాడు... కంచెకని అడ్డం పెట్టాడు. నేల మింగేసింది."

"అయితే కక్కిస్తాను."

విల్ఫ్ నవ్వబోయాడు. అది దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఐవీ అతని వీపు మీద చెయ్యి ఉంచింది. కోటు వేసుకుని, సీసాలో టీ పోసుకుంది. ఆమె తలుపు దగ్గరికి వచ్చేసరికి అతను దుర్భిణి ఒళ్ళో పెట్టుకుని, తుడుచుకుంటున్నాడు.

"చూస్తుంటాలే," అన్నాడు.

మూల ముళ్ళచెట్టు నీడలో ఉంది కనక అక్కడ మంచు కరగలేదు. పార మొదటి పోటుకు రాయి మీద పడినట్టు చప్పుడు చేసి వెనక్కు తన్నింది. ఐవీ బూటు మడమతో దాని భుజం మీద తొక్కింది. రెండోసారి తొక్కింది. పై పెంకు పగిలాక కింద నల్లటి నేల, అందులో ముళ్ళచెట్టు వేళ్ళు బొటనవేలంత లావున. చిన్నవాటిని కత్తెరతో కత్తిరించి, పెద్దవాటిని గొడ్డలితో కొట్టింది. తొడుగు లేని చేతికి బొబ్బ లేచి, చిట్లింది. చేతి రుమాలు చుట్టుకుంది. మధ్యాహ్నం వాలుతుండగా పారకు ఇనుము తగిలింది.

మంచం కాలు బయటపడింది, తరువాత రెండోది. తుప్పుతో గుల్లబారిన పట్టీల మధ్యనుంచి వేళ్ళు దూరి, కుట్టేసినట్టు నేలకు పట్టేశాయి. ఐవీ దాని కింద గడ్డపార పెట్టి లేపింది. రాలేదు. టాట్ పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు. ఈ వయసులో నీకీ పట్టుదలేంటి, ఆ గాడి తవ్వేస్తే పోయేదానికి అన్నాడు.

"నోరు మూసుకుని ఆ కాలు పట్టు, టాట్."

పట్టాడు. నేల చప్పరించినట్టు శబ్దం చేసి మంచాన్ని వదిలింది. ఐవీ దాన్ని తలవైపు పైకెత్తి, కంచెకు ఆనించి, కొండమీది కిటికీ వైపు నిలబెట్టింది. చూడు అన్నట్టు ఒక చెయ్యి నడుముకు పెట్టుకుంది. సూర్యుడు ఇంకా కొండ చాటుకు పోలేదు. అద్దం తళుక్కుమనలేదు. కునుకు తీస్తున్నాడనుకుంది. చూస్తానన్నవాడు చూడలేదని కొంచెం కోపం వచ్చింది.

మంచం ఉన్న చోట నేల ఎగుడుదిగుడుగా ఉంది. వెలుతురు ఉన్నంతసేపూ దాన్ని తిరగేసి, వేళ్ళు ఏరి, గడ్డలు అలాగే వదిలేసింది, మంచు పట్టి వాటంతటవే పొడి అయ్యేలా. వరస ఇళ్ళలో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. వాళ్ళ కిటికీలో వెలగలేదు. ఐవీ పారను గడ్డితో తుడిచి కొట్టంలో పెట్టి, తాళం వేసి, బొగ్గునుసి బాటన పైకి నడిచింది.

సిలిండరు ఇంకా బుసకొడుతోంది. విల్ఫ్ గడ్డం ఛాతీ మీద ఆనింది. దుర్భిణి ఒళ్ళోనే ఉంది, రెండు చేతుల మధ్య. ఐవీ కోటు విప్పలేదు. సిలిండరు మర తిప్పి కట్టేసి, అతని పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మంచం బయటికి వచ్చిందని చెప్పింది.

మర్నాడు కమిటీ వచ్చేసరికి ఆమె గేటు దగ్గర ఉంది. ఇంట్లో విల్ఫ్ దగ్గర ఆడపడుచును కూర్చోబెట్టి వచ్చింది. విల్ఫ్ పోయిన సంగతి ఊరంతా తెలిసిపోయింది కనక అందరూ టోపీలు చేతిలో పట్టుకున్నారు. నీషమ్ కొలవడానికి మొహమాటపడ్డాడు. కొలవండి అంది ఐవీ. కొలిచాడు. సగం దాటింది. అతను టోపీ అంచు తిప్పుతూ, కౌలు విల్ఫ్ పేరున ఉందనీ, మనిషి పోతే మడి వరసలో తరువాతి వాళ్ళకు పోతుందనీ, అది తను పెట్టిన నియమం కాదనీ చెప్పాడు.

"విల్ఫ్ పేరు కొట్టేసి నా పేరు రాయండి. ట్వెడ్డెల్ ఎలాగూ ఉందిగా, సగం సిరానే ఖర్చు."

వెనక ఎవరో నవ్వి, ఆపుకున్నారు. ఆడవాళ్ళ పేరున ఇక్కడ ఎప్పుడూ మడి లేదన్నాడు నీషమ్. మార్చిలో అందరూ కూర్చుని తేల్చాలన్నాడు.

"తేల్చుకోండి. అప్పటిదాకా నేను తవ్వుతూనే ఉంటాను. ఆపదలచినవాళ్ళు వచ్చి నా చేతిలో పార లాక్కోండి."

ఎవరూ కదల్లేదు. టాట్ ఆ ఇనప మంచాన్ని భుజానికెత్తుకుని బయటికి మోసుకుపోయాడు. కమిటీ పక్క మడికి నడిచింది.

ఐవీ ఒంటి తొడుగు విప్పి, గాడి తలాపున ఉన్న విల్ఫ్ పార పిడికి తగిలించింది. కంచె పక్కన మిగిలిన ముక్క మీదికి వెళ్ళింది. ఆ వారంలో అంత్యక్రియల రోజు తప్ప అన్ని రోజులూ తవ్వింది. మడి అంతా నల్లగా తిరగబడింది. లీకుల గాడి ఒక్కటి తవ్వలేదు.