కామమ్మ తీసిన నల్లగవ్వ

కామమ్మ నవ్విందంటే పులికాట్ సరస్సు మీద వాలిన ఫ్లెమింగోలన్నీ ఒక్కసారిగా లేచి, తమిళనాడు చుట్టి వచ్చి, మళ్ళీ వాలేసరికి కూడా ఆ నవ్వు ఆగేది కాదు. ఆ ఆదివారం పొద్దున ఆమె అట్లాగే నవ్వుతూ రేవుకు వచ్చింది. సరస్సులో ఎవరు ఏ చోట వల వేయాలో కుండలో చీట్లు వేసి తీసే రోజది. ఒకసారి తీసిన చీటీని మళ్ళీ కుండలో వేయరు. రొయ్య పడని చోటు ఒకరికి వచ్చిందంటే, ఊరంతా ఒక చుట్టు తిరిగేదాకా వాళ్ళకు మళ్ళీ ఆ చోటు రాదు.

ఈ కట్టుబాటే కామమ్మ కొంప ముంచబోయింది.

రెండు నెలల కిందట నెల్లూరులో ఆమెకు ఎడమ రొమ్ములో ఆపరేషన్ జరిగింది. క్యాన్సర్ పాలగొట్టం లోపలే ఉంది, గోడ దాటలేదు. అంతవరకే కోసి తీసేసి రొమ్మును మిగిల్చారు. మిగిలిన పని రేడియేషన్, అంటే ఊళ్ళోవాళ్ళు కరెంటు పెట్టడం అనేది. సోమవారం మొదలు, మూడు వారాలు. తెల్లారితే సోమవారం.

"ఆ కరెంటుకు నేను పోనుమే" అంది కామమ్మ, తోడుగా ఆసుపత్రికి తిరిగిన ఆడబిడ్డ వనజాక్షితో. "నా చీటీ నేను తీసేసినా. ఆ రోగం ఇంక ఊరంతా తిరిగి రావాల. ఈ లోపల నాకు నూరేళ్ళు నిండుతాయి!"

రేవంతా గొల్లుమంది. మొగుడు మాల్యాద్రి మాత్రం నవ్వలేదు. "నువ్వన్నా చెప్పు వనజా" అన్నాడు, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటూ.

చీట్లయిపోయాయి. వనజాక్షి ఖాళీ కుండ లాక్కొని, ఇంటి నుంచి తెచ్చిన మూటలోంచి నూరు గవ్వలు పోసింది. అందులో పాతిక గవ్వలకు మసి పూసి ఉంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది వదినా? నీలాంటోళ్ళు నూరుమంది కరెంటు పెట్టించుకోకుంటే, పదేళ్ళలో పాతికమందికి అదే రొమ్ములో తిరిగొస్తదని గదా. తియ్యి."

కామమ్మ కళ్ళు మూసుకొని చెయ్యి పెట్టింది. తెల్లది! రేవు ఈల వేసింది. వనజాక్షి దాన్ని మళ్ళీ కుండలో వేసి కలిపింది. రెండోసారీ తెల్లదే! కామమ్మ చిందేసింది. ఆ దెబ్బకు ఒడ్డున కట్టిన పడవలు మూడు జానలు ఎగిరాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడోసారి నల్లది.

"సర్లే, నల్లది వచ్చేసింది. ఇంక నాకు రాదు గదా!"

వనజాక్షి ఆ నల్లదాన్ని కూడా కుండలో వేసి కలిపింది.

"ఏందిమే! తీసింది మళ్ళీ ఏస్తారా ఎవురన్నా?"

"మన ఊరి కట్టుబాటు ఆ రోగానికి ఎవురు చెప్పినారు వదినా? దానికి వంతూ తెలీదు, వరసా తెలీదు. తియ్యి."

కామమ్మ తీసింది. మళ్ళీ నల్లది.

 గవ్వ మసి కామమ్మ అరచేతికంతా అంటుకుంది.

"కరెంటు పెట్టిస్తే?" అంది మెల్లగా.

వనజాక్షి పన్నెండు నల్లగవ్వలు ఏరి పక్కన పెట్టి, బదులు మూటలోంచి పన్నెండు తెల్లవి వేసింది.

"ఇంకా పదమూడు ఉండాయే! అయ్యి కూడా తియ్యిమే, నీ సొమ్మేం పోయింది?"

"డాక్టరమ్మే తియ్యలేక పోయె, నేనెట్టా తీసేది? అందుకే గదా ఏటేటా రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించుకోమనింది. తిరిగొచ్చినా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చంట."

కామమ్మ కాసేపు కుండలోకి తొంగి చూసింది. మళ్ళీ చెయ్యి పెట్టలేదు. పక్కన పెట్టిన పన్నెండు గవ్వలను గబగబా కొంగులో పోసుకొని, మొలలోతు నీళ్ళలోకి పోయి, కొంగును ఒడిసెలలా గిరగిరా తిప్పి విసిరింది. అవి శ్రీహరికోట దాటి సముద్రంలో పడ్డాయని ఆమె సాక్ష్యం.

"ఏమయ్యా!" అని మాల్యాద్రి మీద అరిచింది. "అట్టా నిలబడితే ఎట్టా? పొద్దున్నే దొరవారిసత్రంలో నెల్లూరు బస్సెక్కాల. నా మంచి చీర యాడుండాదో ఎతుకు!"

మాల్యాద్రి పరుగెత్తాడు. తలగుడ్డ రేవులోనే పడిపోయింది.