‘వైల్’ తెచ్చిన తంటా

మా తమ్ముడు హెడ్లీకి నోరు లేదని కాదు. ఉన్న నోటిని తిండికీ బీరుకీ దాచుకున్నాడు. యార్క్‌షైర్ కొండల్లో ఇన్నేళ్లు బస్సు నడిపి, ఎక్కినవాళ్లతో "జాగ్రత్త" తప్ప ఇంకో ముక్క అని ఎరగడు. అలాంటివాడి మీద ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న కెంట్ నుంచి వచ్చిన రోసాలిండ్ మనసు పడింది. ప్రేమ గుడ్డిదంటారు గానీ దానికి చెవుడు కూడా ఉందని నాకప్పుడే తెలిసింది.

రోసాలిండ్ ఇంగ్లిష్ టీచరుగా చేసి రిటైరై మా ఊళ్ళో దిగింది. ప్రతి గురువారం నా పబ్‌లో మాటల క్విజ్ పెట్టేది. చలికాలంలో తనే చొరవ చేసి మావాణ్ణి పెళ్లి చేసుకుందామా అని అడిగిందిట.

"మొహమ్మీదే వద్దన్నాడు హిల్డా" అని నా వంటింట్లో కూచుని వలవలా ఏడ్చింది.

మావాణ్ణి నిలదీశాను. "చెప్పాల్సింది చెప్పాను" అన్నాడు. వాడి గొంతులోంచి రెండో ముక్క పీకడం మా అమ్మ తరమే కాలేదు, నా తరమవుతుందా? ఇంతలో రోసాలిండ్ సామాను సర్దేసుకుంది. శనివారం వాళ్ల ఊరెళ్లిపోతుంది. ఈ గురువారమే ఆఖరి క్విజ్. ఇంత మంచి మనిషిని చేజేతులా పోగొట్టుకుని, వెధవ, మూలన కూచుని బీరు తాగుతున్నాడు. వాణ్ణి చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఇంగ్లిష్‌లో అయిదక్షరాల మాట. చివరి నాలుగూ పీకేసినా పలకడం మారదు. ఏమిటది?" అనడిగింది రోసాలిండ్.

"క్యూ! మొదటి క్యూ ఒక్కటి మిగిలినా క్యూయే!" అని అరిచాడు గొర్రెలు కాసే సెత్. "నా పెళ్లాం పక్కన లేకపోయినా నేను నేనే అన్నట్టు."

"పక్కనుంటే నువ్వున్నట్టే తెలీదులే" అంది వాళ్లావిడ మేవిస్.

పబ్బంతా గొల్లుమంది. రోసాలిండ్ మాత్రం నవ్వలేదు. "ఆఖరి ప్రశ్న. ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండర్థాలున్న మాట చెప్పండి. 'డస్ట్' ఉందనుకోండి, దుమ్ము దులిపినా డస్టే, కేకు మీద పంచదార పొడి చల్లినా డస్టే. అలాంటిది ఇంకోటి."

మేవిస్ చెయ్యెత్తింది. "వైల్."

"తప్పు. వైల్ అంటే ఒకటి జరుగుతూ ఉండగా అని. ఒక్కటే అర్థం."

"నీ మొహం!" అంది మేవిస్. "దాని మీదే కదా నాకూ నా లండన్ కోడలికీ కురుక్షేత్రం! 'పిల్లాడు నిద్రపోయిన వైల్ టీవీ పెట్టకు' అన్నాను. ఆ మహాతల్లి వాడు పడుకున్నంతసేపూ కట్టేసి, లేవగానే పెట్టింది! నేనన్నది నిద్రపోయేదాకా పెట్టకు అని!"

"మేం తొమ్మిది వైల్ అయిదు పని చేస్తాం. తొమ్మిదీ అయిదూ ఒకేసారి కొడతాయా టీచరమ్మా?" అన్నాడు సెత్.

"నిజమే తల్లీ" అన్నాను. "మీ దక్షిణాదిలో ఎలాగో గానీ, మా దగ్గర వైల్ అంటే అయ్యేదాకా అనే."

రోసాలిండ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. మెల్లగా మూలకి తిరిగింది.

"హెడ్లీ. ఆ రోజు నువ్వు నాతో ఏమన్నావు?"

"రిటైరైన వైల్ పెళ్లి చేసుకోను అన్నాను."

"అంటే?"

"రిటైరయ్యేదాకా ఆగమని."

"రిటైరయ్యాక చచ్చినా చేసుకోవనుకున్నాను కదయ్యా!"

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"పోయిన శుక్రవారమే రిటైరయ్యావుగా! మరి వచ్చి అడగలేదేం?" అంది రోసాలిండ్.

"వచ్చాను. గుమ్మం నిండా అట్టపెట్టెలున్నాయి. ఆగి ఆగి విసుగెత్తిపోయావనుకున్నాను."

"వచ్చి, పెట్టెలు మొయ్యడానికి సాయం కావాలా అనడిగావు!"

"ఇంకేం అడగాలో తెలీలేదు."

"ఒరేయ్, లేవరా!" అని అరిచాను. నా అరుపుకి కాబోలు, లేచాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆవిడ ముందుకెళ్లి నిలబడ్డాడు. వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. నోరు రెండుసార్లు తెరిచి రెండుసార్లూ మూశాడు. వీడివాళ కూడా పెట్టెల సంగతే ఎత్తుతాడేమో దేవుడా అనుకున్నాను.

"వెళ్లకు" అన్నాడు.

రోసాలిండ్ కళ్ల నిండా నీళ్లు. వాడి చొక్కా గట్టిగా పట్టుకుని, నా వైపు తిరిగింది.

"హిల్డా, ఈ మాటకి కూడా మీ ఊళ్ళో వేరే అర్థముందా?"

"లేదు తల్లీ" అన్నాను.